చెట్టు పేరు చెప్పేవేళ

పోయినసారి దుమోకిరిని గుడిసెలో నేలమీద బోర్లా వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. దేవుడన్నాక తనంతట తాను వెల్లకిలా తిరగలేడా అని అడిగేవాళ్ళు ఆయన్నెరగరు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆయన పాయంత పొడుగు. ఒడ్డుమీద మూరెడు కొయ్యబొమ్మ. మనుషులైతే పెద్ద కష్టమొచ్చినప్పుడు కొయ్యబారిపోతారు. ఆయనకి ఆ సదుపాయం కూడా లేదు, మూడువందల ఏళ్ళ కిందటే ఆ పని అయిపోయింది.

తొంబామా మడ అడవుల మధ్య దీవిలో, ఉప్పునీటి పాయ ఒడ్డున ఏడిళ్ళ ఊరు. ఇల్లంటే అక్కడ నాలుగు గోడలు కాదు. ఒక వంశం, దాని పడవలు, దాని పగలు, దాని చావులు. ఎనిమిది రోజుల కిందటి సంత నాడు ఐదుగురు ఆడవాళ్ళు ఎండు నత్తల బుట్టలతో పెద్ద పడవెక్కారు. ఎక్కేముందు వాళ్ళలో పెద్దది ఇదాయే, ఇపాలిబో ముసలమ్మ కూతురు, దుమోకిరి ముందు గుడ్డు పెట్టి, మూతెడు జిన్ను పోసి, మొగ దాటిస్తావుగా అనడిగింది. పాయ సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర అలలు మూడు వైపుల నుంచీ వస్తాయి. అక్కడ కాపు కాయడమే దుమోకిరి పని. ఇంకో పని ఆయనకి రాదు. గుడ్డు తీసుకున్నాడు, దాటిస్తానన్నాడు. పడవ దాటలేదు.

తరవాత నాలుగు రోజులూ ఐదుగురినీ ఒక్కొక్కరినే ఒడ్డుకు మోసుకొచ్చింది ఆయనే. ఊరికి ఆ మోత కనబడలేదు, మోసమే కనబడింది. గుడ్డు మింగి మనుషుల్నీ మింగాడన్నారు. ఏడిళ్ళ ఊరు ఏడ్చే ఇళ్ళ ఊరయింది. గవ్వలు వేసి అడిగిన సోదెగాడితో, ముంచింది నేను కాదని గవ్వల చేత పలికించాడు దుమోకిరి. మరి ఆ పొద్దున ఎక్కడున్నావయ్యా అంటే గవ్వ పలకలేదు. అంతే, ఊరి పెద్ద ఇనోడు లేచి ఆయన్ని బోర్లా తోశాడు. పేరుకి ఇనోడే గాని ఎవరి మాటా విననోడని ఊళ్ళో వెక్కిరిస్తారు. ఈసారి ఎవరూ వెక్కిరించలేదు. మునిగిన ఐదుగురిలో ఒకత్తి ఆయన చిన్న భార్య.

దేవుడు హద్దు మీరితే తొంబామా వాళ్ళు మొక్కులు పెంచరు, చెట్టు పేరు చెబుతారు. ఏ చెట్టు నుంచి ఆయన్ని చెక్కారన్నది దేవుడికి తెలియకుండా దాచే సంగతి. చెక్కినవాడి ఇంట్లో ఒక నోటి నుంచి ఒక చెవికి, తరానికొకరికి, గుట్టుగా దిగుతూ వస్తుంది. ఏడిళ్ళ చేతులూ ఒకే తాడు పట్టుకుని ఆ పేరు మూడుసార్లు కేక వేస్తే, అంతవరకూ దేవుణ్ణనుకుంటున్నవాడు తాను వట్టి చెక్కనని తెలుసుకుంటాడు. తెలుసుకున్నాక ఇక ఉండడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు లోకం నిండా ఉన్నారు. చెట్టు పేరు చెప్పి దేవుణ్ణి వదుల్చుకునేవాళ్ళు మాత్రం వీళ్ళే. మొక్కినన్నాళ్ళూ మొక్క, మానేస్తే మాను.

దానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఏడు చేతుల్లో ఒక్కటి తాడు వదిలినా ఆ రోజు కేకలు చెల్లవు. చెప్పిన పేరు అబద్ధమైతే, మూడో కేకకల్లా దేవుడికి రావలసిన చావు చెప్పిన మనిషి మీదకి మళ్ళుతుంది.

చావు ఎలా వస్తుందో దుమోకిరి కళ్ళారా చూశాడు. ముప్పై ఏళ్ళ కిందట కింది పాయ దేవతకి ఇలాగే చెప్పారు. ఆయన పక్కనే నీళ్ళలో నిలబడి ఉన్నాడు. మొదటి కేకకి ఆవిడ ఆయన వైపు తిరిగి, ఏమంటున్నారు, వినబడ్డం లేదు అంది. రెండో కేకకి, పొద్దుగూకిందా అనడిగింది. మూడో కేక తరవాత అక్కడ నీళ్ళున్నాయి. నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

ఇవాళ ఆయన వంతు. దిక్కులేనివాడికి దేవుడే దిక్కంటారు. దేవుడు ఏ దిక్కు చూడాలో చెప్పినవాళ్ళు లేరు.

*

తడిక జరిగింది. కర్ర చప్పుడు వినగానే ఎవరో తెలిసింది. ఇపాలిబో. ఎనభై ఏళ్ళ మనిషి. చెక్కినవాడి వంశంలో చెట్టు పేరు చెవిన వేసుకున్న ఆఖరి మనిషి. పేరు చెప్పేవాళ్ళే ఆ పొద్దున బొమ్మకి స్నానం చేయించాలి, శవానికి చేయించినట్టు. ఆవిడ చేతిలో ఆనపబుర్రెడు నీళ్ళున్నాయి, భుజాన పాత గుడ్డపీలిక ఉంది. మూలుగుతూ వంగి ఆయన్ని వెల్లకిలా తిప్పింది. ఇన్ని రోజులకి ఆయనకి మొదట కనబడిన ముఖం ఆవిడదే. ఎనిమిది రోజుల్లో ఎనభై కాస్తా నూట ఎనభై అయినట్టుంది.

"బతికే ఉన్నావా?" అంది.

"మధ్యాహ్నం దాకా," అన్నాడు దుమోకిరి.

ఆయన గొంతు వినబడేది ఆవిడ ఒక్కదానికే. చెట్టు పేరు ఏ చెవిన ఉంటే దేవుడి మాట కూడా ఆ చెవికే అందుతుంది. ఏడేళ్ళప్పుడు తల్లి ఆ పేరు చెవిలో ఊదిన రోజున, గుడిసెలో ఎవరో మాట్లాడుతున్నారని బెంబేలెత్తి ఏడ్చింది. ఏడవకు పిల్లా, నేనేలే అన్నాడాయన. ఆ రోజు మొదలు ఇద్దరికీ డెబ్భై మూడేళ్ళ పోట్లాట. మొగుడి మీద, మోకాళ్ళ మీద, వాన మీద, ఎవరి మీద కోపమొచ్చినా వచ్చి ఆయన్ని తిట్టిపోయేది. తిట్టడానికి దేవుడు కావాలి కదా, మనుషులైతే తిరిగి తిడతారు. ఆయన మాత్రం ఆవిణ్ణి ఇప్పటికీ పిల్లా అనే పిలుస్తాడు. మూడువందల ఏళ్ళవాడికి ఎనభై ఓ లెక్కా.

ఆవిడ ముందు ముఖం తుడిచింది. తరవాత చేతులు. మాట్లాడకుండా తుడుస్తోంది. తిట్టని ఇపాలిబోని చూడ్డం ఆయనకి అలవాటు లేదు. బోర్లా పడుకున్నప్పుడే నయమనిపించింది.

"దాన్ని కూడా ఇలాగే కడిగాను," అంది చివరికి. "పుట్టిన రోజొకసారి, మొన్నొకసారి. మొన్న నోటి నిండా ఇసక."

దుమోకిరికి తెలుసు. మొగ నుంచి ఇదాయేని మోసుకొచ్చినప్పుడు ఆ ఇసక తీయాలని చూశాడు. నీళ్ళకి వేళ్ళుండవు. తియ్యబోయినకొద్దీ ఇంకా పోసినట్టయింది. ఉప్పునీటి దేవుడు ఏడిస్తే ఎవరికీ తెలియదు. నీటిమట్టం కూడా పెరగదు.

ఆవిడ పీలిక పిండి, మళ్ళీ మొదలుపెట్టింది. చెట్టు పేరు చెప్పే ముందు తనకొక్కటే తెలియాలంది. ఆ పొద్దున ఆయన ఎక్కడున్నాడు. సోదెగాడికి చెప్పకపోతే మానె, ఇనోడికి చెప్పకపోతే మానె, తనకి చెప్పకుండా ఎలా పోతాడంది. గుడ్డు పట్టుకున్న చేతిని ఎలా వదిలేశాడంది.

"తాగి పడుకున్నావా? అదైనా చెప్పు. నా మొగుడు ముప్పై ఏళ్ళు అదే చెప్పాడు, ఊరుకున్నాను. నువ్వు చెప్పినా ఊరుకుంటా."

ఆ అబద్ధం చెప్పేస్తే బాగుండునని ఆయనకీ అనిపించింది. తాగి పడుకున్నాననడం ఎంత తేలిక. ఆవిడ నడుము తుడిచింది, తొడలు తుడిచింది, కుడికాలు తుడిచింది. ఎడమకాలు ఎత్తి, అడుగు చూసింది.

అడిగితే చెప్పనివాడి సంగతి అడుగు చూస్తే తెలిసింది.

మడమ మీద కొత్త చీలిక. మాట తప్పని, మడమ తిప్పని దేవుడని ఆయనకి పేరు. మాట తప్పాడు, మడమ పట్టిచ్చింది. చీలికలో ఇరుక్కుని ఎర్రమన్ను ఉంది. తొంబామాలో మన్నంటే నల్లటి మడబురదే. ఎర్రమన్ను ముఖం చూడాలంటే జాముసేపు పడవ తెడ్డేసుకుంటూ సర్కారు పట్నం గట్టెక్కాలి. దుమోకిరి నీళ్ళలోంచి లేచి తన ముసుగు తలకెత్తుకున్న ఆటగాడి ఒంట్లోకి వచ్చి ఆడినప్పుడు, ఆటగాడి కాలికి తగిలిన దెబ్బ, అంటిన మన్నుతో సహా, కొయ్యమీద కూడా తేలుతుంది. పడవ మునిగిన సాయంత్రం తెకేనా ఎడమ మడమకి గుడ్డ చుట్టుకుని ఇల్లు చేరాడు. తెకేనా ఇపాలిబో చెల్లెలి మనవడు, పెళ్ళాం ఇద్దరు పిల్లలతో ఆవిడ ఇంట్లోనే ఉంటాడు. సీసాపెంకు గుచ్చుకుందన్నాడు. చావు ఇంట్లో మడమ గురించి గాని, అతను పోయొచ్చిన పని గురించి గాని మళ్ళీ అడిగినవాళ్ళు లేరు.

ఇపాలిబో చెయ్యి ఆగిపోయింది.

"ఆడావా?"

"ఆడాను."

"ఎంతసేపు?"

"ఒక్క పాటకే పోయాను. ఇదాయే పడవ మొగ చేరేలోగా వచ్చేద్దామనుకున్నాను." ఆయన గొంతు అడుగున నీరు కదిలినట్టు కదిలింది. "పద్నాలుగేళ్ళు పిల్లా. పద్నాలుగేళ్ళకి, పట్నంలోనైనా, డోలు నా ఏడు బిరుదులూ ఒక్కటి తప్పకుండా పిలిచింది. కాలు ఆగలేదు. మూడు పాటలయ్యాయి."

"దేవుడివి కదరా. అక్కడో కాలు ఇక్కడో కాలు వెయ్యలేవా?"

"అంతటా ఉండేవాడు ఆ రేకుల చర్చిలో ఉన్నాడు. నేను ఎక్కడుంటే అక్కడే ఉంటాను."

మామూలు రోజైతే ఆ మాటకి ఆవిడ పడీపడీ నవ్వేది. పెదవి ఒక పక్కకి లాగింది గాని నవ్వు దారిలోనే చచ్చిపోయింది. తరవాత అడగాల్సిన ప్రశ్న ఆవిడ నోట్లోకి రావడం ఆయనకి కనబడింది. ఎనిమిది రోజులుగా ఆయన నోరు మూసుకుని ఉన్నది ఆ ప్రశ్న రాకుండా ఉండటానికే. సోదెగాడి గవ్వ పలకనిదీ, ఇనోడి తోపుకి బోర్లా పడి ఊరుకున్నదీ దానికే.

"పిలవందే పోవు నువ్వు. నీ పొగరు నాకు తెలుసు. పిలిచిందెవరు?"

ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. చెప్పకపోవడమే చెప్పింది.

దుమోకిరి ముసుగు, ఆకాశాన్ని చూస్తూ నీళ్ళమీద తేలుతున్నట్టు చెక్కిన ఆ పెద్ద తలకట్టు, ఇపాలిబో ఇంటి అటక మీదే ఉంటుంది. ఊళ్ళో ఆట మానేసి పద్నాలుగేళ్ళు. సర్కారు పట్నంలో ఎవరో పెద్దమనిషికి స్వాగతమనీ, పాత ఆట ఒకటి కావాలనీ తెకేనాని అడిగారు. ఏడిళ్ళూ ఊఁ అనందే ఆ ముసుగు దీవి దాటకూడదు. దాటించినవాళ్ళని ఇంటిల్లిపాదినీ పడవెక్కించి పంపేస్తారు, చస్తే ఊళ్ళో పూడ్చనివ్వరు. ఇపాలిబో ఎవర్నీ అడగలేదు. తాను పోయేలోగా ఒక్కసారి ఆయన మళ్ళీ ఆడాడని వింటే చాలనుకుంది. తెల్లారగట్ల తానే అటకెక్కి తలకట్టు దింపి, నుదుటి మీద జిన్ను చల్లి, వెళ్ళి ఆడిరారా దుమోకిరీ అని పేరుపెట్టి పిలిచింది. ఊరికి ఆ చివర్న గుడిసెలో సరిగ్గా అదే వేళకి కూతురు గుడ్డు పెట్టింది. తల్లి పిలిచిందని కూతురికి తెలియదు, కూతురు మొక్కిందని తల్లికి తెలియదు. ఇద్దరి మాటా విన్నది ఆయనొక్కడే. ఇద్దరికీ సరేనన్నాడు.

"నేనే కదూ," అంది ఇపాలిబో.

"కాదు. నా అంతట నేనే పోయాను."

మూడువందల ఏళ్ళలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. అలవాటు లేని పని, అతకలేదు.

"నీకు చేతకాదు, ఊరుకో," అంది ఆవిడ మెల్లగా.

ఇక ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తలలోంచి వెంట్రుకల పిన్ను తీసి, చీలికలోని ఎర్రమన్నంతా రవ్వ మిగలకుండా గీకింది. ఆనపబుర్రలో మిగిలిన నీళ్ళు పోసి కడిగింది. ఈ మన్ను ఎవరి కంటా పడకూడదనీ, తెకేనాకి ఇద్దరు పిల్లలున్నారనీ తనలో తాను అనుకున్నట్టు అంది. పేరు చెప్పనని మొండికేసినా ఇంటిల్లిపాదినీ పడవే ఎక్కిస్తారు, ఎందుకు చెప్పవని ఆరాలు తీస్తారు. అందుకని చెప్పడానికే వెళ్తున్నానంది.

దుమోకిరికి వింతగా హాయనిపించింది. చెప్పనీ. కూతుర్ని పోగొట్టిన దేవుడి చెట్టు పేరు తల్లి చెప్పడంలో తప్పేముంది. చెప్పేస్తే ఆవిడకి ఇల్లు మిగులుతుంది, కూతురి పక్కన ఆరడుగుల చోటు మిగులుతుంది. ఆవిడ తెల్లగుడ్డలో ఆయన్ని చుట్టి, పసిబిడ్డని వేసుకున్నట్టు భుజాన వేసుకుంది. డెబ్భై మూడేళ్ళలో ఆయన్ని అలా ఎత్తుకోవడం అదే మొదటిసారి. మనిషి భుజం ఎంత వెచ్చగా ఉంటుందో అని ఆశ్చర్యపోతూ, నీళ్ళ దేవుడు తన చావుకి బయల్దేరాడు.

*

నీళ్ళు ఎంతదూరం వెనక్కి తీస్తాయో అంతదూరం తీసిన మిట్టమధ్యాహ్నం. నీటి దేవుడికి నీళ్ళు అందకుండా చూసి పెట్టిన ముహూర్తం. ఆటస్థలంలో ఊరంతా నిలబడి ఉంది. తాడో పేడో తేలాల్సిన రోజు. పేడకి ఆ బురద దీవిలో ఆవే లేదు, కాబట్టి తాడే తెచ్చారు. తాటినారతో పేనిన పాత తాడు. ఒక కొస దుమోకిరి నడుముకి కట్టి, రెండో కొస ఏడిళ్ళ తరఫున ఏడుగురు పట్టుకున్నారు. మొదటి చెయ్యి ఇనోడిది. ఆఖరి చెయ్యి, చెక్కినవాడి ఇంటి తరఫున, తెకేనాది. ఎడమ మడమకి ఇంకా గుడ్డ ఉంది. పక్కన డోలు పెద్ద, డెబ్భై దాటిన మనిషి, డోలు ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. చెట్టు పేరు చెప్పే రోజు డోలు మోగకూడదు. అయినా పక్కన ఉండాలి, చుట్టం చావుకి వచ్చినట్టు.

ఇనోడు పెద్దగా ఉపన్యాసమేమీ చెప్పలేదు. ఐదుగురి పేర్లూ చదివాడు. చిన్న భార్య పేరు ఆఖరున చదివాడు. తమ తాతలు చెక్కిన దేవుడే గనక తమ చేతుల్లోనే పోవాలన్నాడు. తరవాత ముసలమ్మ వైపు తిరిగాడు.

"చెప్పు అత్తా."

ఇపాలిబో కర్ర మీద రెండు చేతులూ ఆన్చి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఎర్రమడ."

ఏడుగురూ ఒక్కసారి తాడు లాగి, ఊరితో కలిసి ఆ పేరు కేక వేశారు. దుమోకిరి చెవులు పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు చెవులు పోతాయి. కేక పాయమీదుగా పోయి అవతలి మడల్లో పడింది. ఎవరిదో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. దూరంగా బురదలో ఎండ్రకాయ కొండి కొట్టుకుంటున్న చప్పుడు. అన్నీ వినబడుతున్నాయి. ఎప్పటికన్నా బాగా వినబడుతున్నాయి.

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చెక్క కదా, నెమ్మదిగా ఎక్కుతుంది.

"రెండోది అందామా అత్తా?" అన్నాడు ఇనోడు.

ఇపాలిబో అతని పెదవుల వైపు చూసింది. "ఏమంటున్నావు నాయనా? వినబడ్డం లేదు."

ముప్పై ఏళ్ళ కిందట నీళ్ళలో తన పక్కన విన్న మాటే. దుమోకిరి కేకేశాడు. పిల్లా, అది కాదు, అసలుది చెప్పు, నేను పోతాను, చెప్పెయ్ అని తనకున్న గొంతంతా పెట్టి అరిచాడు. లోకంలో ఆయన మాట వినే చెవి ఒక్కటే, అది ఇప్పుడే మూసుకుపోయింది. అసలు పేరు తానే అనేద్దామంటే, దేవుడికి తెలియకుండా దాచిన పేరది. అన్నీ తెలిసినవాడికి తన పేరే తెలియదు.

రెండో కేక పడింది.

ఇపాలిబో తల ఎత్తింది. నడినెత్తిన సూర్యుడు. చెయ్యి గాలిలో తడుముకుంటూ పక్కనున్న ఆడమనిషి భుజం పట్టుకుంది. "అప్పుడే పొద్దుగూకిందా అమ్మా?" అనడిగింది. ముసలిదానికి దిగులుతో మతి పోయిందనుకున్నారు. జాలిపడ్డారు. ఇనోడు కళ్ళు తుడుచుకుని, మూడో కేకకి చెయ్యెత్తాడు.

దుమోకిరి ముందు ఇక ఒకే దారి ఉంది, అది కూడా దారి కాదు. పిలవందే ఆడడం ఆయనకి లేదు. మూడువందల ఏళ్ళుగా ఏ ఒంట్లోకీ పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళలేదు. కాని తాడు పట్టుకున్న ఏడు చేతుల్లో ఒక చెయ్యి ఆయనకి తెలిసిన చెయ్యి. మడమ గుడ్డ కింద మానని గాయం ఉంది, అందులో ఇంకా ఎర్రమన్ను ఉంది. ఆయన ఆ గాయంలోంచి లోపలికి పోయాడు.

తెకేనా ఎడమకాలు నేలని తట్టింది.

ఒకసారి, రెండుసార్లు, తరవాత ఆగకుండా. వెన్ను వంగింది, తల వెనక్కి వాలి ముఖం ఆకాశాన్ని చూసింది. చేతులు అలల్లా విచ్చుకున్నాయి, విచ్చుకున్న చేతుల్లోంచి తాడు జారి బురదలో పడింది. గొంతుల్లోకి వచ్చిన మూడో కేక గొంతుల్లోనే ఉండిపోయింది. ఏడో చెయ్యి వదిలింది. ఇవాళ్టికి కేకలు చెల్లవు.

ఇపాలిబో రెప్పలు కొట్టుకుంది. ముందు వెలుగు వచ్చింది, తరవాత చప్పుడు. ఆ చప్పుడు ఆవిడకి తెలిసిన చప్పుడే. పద్నాలుగేళ్ళుగా వినాలనుకున్నది. డోలు లేదు, ముసుగు లేదు, బురదలో ఒక ఎడమకాలి చప్పుడు.

దుమోకిరి ఆడుతూనే ఉన్నాడు. పిల్ల బతికింది. అంతవరకే ఆలోచించాడు, ఆ పైన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే డోలు పెద్ద కళ్ళు చిట్లించి తన కాళ్ళ వైపే చూస్తున్నాడని గమనించేవాడు.

"పద్నాలుగేళ్ళు మూలపడ్డ అడుగు కాదిది," అన్నాడు డోలు పెద్ద, మెల్లగా, తన చేతిపని గురించి చెప్పేవాడిలా. "తుప్పు లేదు. మొన్నీ మధ్య ఆడిన అడుగు."

ఇనోడు ఆ మాట విన్నాడు. జన్మకొక్కసారి విన్నాడు. ఆయన చూపు తెకేనా ముఖం మీంచి మడమకి దిగింది. గుడ్డ ఊడిపోయి గాయం తెరుచుకుంది, నల్లబురదలో కారుతున్నది రక్తమో ఎర్రమన్నో తెలియడం లేదు. ఎనిమిది రోజులుగా గవ్వ చెప్పనిది ఆయనకి కాలు చెప్పేసింది.

"అయితే ఆ పొద్దున మొగలో లేడన్నమాట," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "డోలు పెద్దా. అడుగు."

"ఏమని?"

"మొగ నుంచి నిన్ను పిలిచిందెవరు, అని."

డోలు పెద్ద తటపటాయించాడు. చెట్టు పేరు చెప్పే రోజు డోలు మోగకూడదన్నాడు. తాడు పడిపోయిందిగా, ఇక ఆ రోజు కాదన్నాడు ఇనోడు. ముసలాయన చేతులు విప్పి, డోలు మీద అరచేయి ఆన్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది దుమోకిరికి. ఆటలో ఉన్నంతసేపూ డోలుదే రాజ్యం. డోలు అడిగితే దేవుడు చెయ్యెత్తి చూపించాలి. ఏ ఇల్లు ఎక్కడుందంటే అక్కడికి, ఎవరి సమాధి ఎక్కడుందంటే అక్కడికి. అబద్ధం నోటికి వస్తుందేమో గాని ఆటలో చేతికి రాదు. ఆయన చెయ్యి మూడువందల ఏళ్ళలో ఒక్కసారి తప్పు చూపించలేదు. ఆట ఆపేద్దామనుకున్నాడు. డోలు మొదలయ్యాక ఆపడం ఆయన చేతుల్లో లేదు. పద్నాలుగేళ్ళ తరవాత ఒక్క పాటకని పోయి మూడు పాటలున్నదీ ఇందుకే.

డోలు అడిగింది. ఒక్కసారే, స్పష్టంగా.

తెకేనా కుడిచెయ్యి కదిలింది. దుమోకిరి తన బరువంతా దానిమీద వేశాడు. పాయంత బరువు, మొగలో మూడు వైపుల నుంచి వచ్చే అలలంత బరువు. చెయ్యి ఆగలేదు. నడుము దాటింది, రొమ్ము దాటింది, వేలు విచ్చుకుంటోంది. ఎదురుగా నిలబడ్డ జనం ఒక్కొక్కరే పక్కకి తప్పుకుంటున్నారు, ఆ వేలు తమ మీద ఆగుతుందేమోనని.

వాళ్ళందరిలో ఒక్క మనిషే తప్పుకోలేదు. ఇపాలిబో కర్ర పక్కన పడేసి, పైగుడ్డ సరిచేసుకుని, ఆ చెయ్యి వచ్చే దారికి ఎదురు నడిచివెళ్ళి నిలబడింది.